గోడ మధ్యలో పెట్టాల్సిన ఫోటో

నాలుగో తేదీ, సోమవారం

ముందు గది గోడ ఖాళీ అయింది. స్నానాల గదిలో పైపు పగిలి చెమ్మంతా ఇటువైపు దిగింది. గోడ గీకి కొత్త పూత వేస్తానని, ఆరడానికి పది రోజులు పడుతుందని మేస్త్రీ చెప్పాడు. పటాలన్నీ నేనే దించాను. మొత్తం ఇరవై మూడు. ఒక్కో పటం తీస్తుంటే దాని వెనక పాత సున్నం రంగు పలకలా బయటపడింది. మేస్త్రీ గీకేలోపు కాసేపు ఆ పలకలనే చూస్తూ నిలబడ్డాను. ఏ పలకలో ఎవరుండేవారో చూడకుండా చెప్పగలను. రెండేళ్లుగా వాళ్లందరి ముఖాలూ తుడిచేది నేనే కదా.

అత్తయ్య పటాలన్నీ నేలమీద పరిపించి, వాటి మధ్య నడుము మీద చేతులేసుకుని నిలబడింది.

"నలభై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల గోడలకి కట్టాను. నా గోడ చూడు. మిగిలిపోయిన చెక్క పట్టీలు, వంకర పోయిన అట్టలు. ఎవరైనా చూస్తే ఫ్రేములు కట్టేవాళ్ల ఇల్లంటారా ఇది? అన్నీ విప్పుతాను. అన్నీ కొత్తగా కడతాను."

"కంటి ఆపరేషన్ అయ్యాక చెయ్యొచ్చుగా," అన్నాడు మామయ్య.

"అప్పుడు మీరు కూడా స్పష్టంగా కనబడతారు. చేతులు వణుకుతాయి. ముందే చేసేస్తాను."

మామయ్య నవ్వి కొట్లోకి వెళ్లిపోయాడు. ముందు కొట్టు, వెనక ఇల్లు. కొట్టు ముందు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడేది మామయ్య. తెర వెనక బల్ల దగ్గర పట్టీలు కోసి పటాలు కట్టేది అత్తయ్య. గాజు తుడిచేది నేను.

ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నాకేమీ లేదు. తుడవడమే బాగుంటుంది.

ఐదో తేదీ, మంగళవారం

ఈరోజు చూసింది మర్చిపోకముందే రాసుకోవాలి.

ఒక పెద్దాయన వాళ్ల నాన్న ఫోటో తెచ్చాడు. నలుపు తెలుపు ఫోటో. చెమ్మకి గాజుకి అతుక్కుపోయింది. ఆయన గోటితో మూల లేపబోతే అత్తయ్య చెయ్యి పట్టుకున్నంత పనిచేసింది. "లాగకండి. మీరు లాగితే మీ నాన్నగారి చెవి మీ చేతికొస్తుంది."

వెడల్పాటి పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి, ఫోటోని గాజుతో సహా అందులో బోర్లా పెట్టింది. తర్వాత దాని వంక చూడనే లేదు. పట్టీ కోసుకుంది, నాతో అట్ట పట్టించుకుంది. గంట గడిచాక, అట్టే వేళ్లు పెట్టకుండానే, పాల మీది మీగడలా ఫోటో గాజు మీంచి జరిగి వచ్చేసింది. చెవి చెవిలాగే ఉంది.

"నీళ్లే వదిలిస్తాయి అమ్మాయ్. మనం చెయ్యాల్సిందల్లా ఊరుకోవడం," అంది నాతో.

పట్టీ కోసేటప్పుడు అత్తయ్య పెదవులు కొంచెం ముందుకొస్తాయి, సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు. రంపం చప్పుడు కూడా గట్టిగా రాదు. కోసిన రెండు ముక్కలూ మూల దగ్గర కలిపితే అతుకు ఎక్కడుందో కనబడదు. కళ్లు మసకబారినా అంతే. వేలితో తడిమి చూసుకుంటుంది.

తెర బయట మామయ్య ఆ పెద్దాయనకి ఎప్పుడూ చెప్పే కథే చెబుతున్నాడు. "ఈ కొట్టు ఎలా వచ్చిందనుకున్నారు? మా ఆవిడ మెడలో రెండు పేటల గొలుసు ఉండేది. తీసి నా చేతిలో పెట్టింది. లోపల మా పెళ్లి ఫోటోలో ఉంది చూడండి, అదే గొలుసు!" ఆ పెద్దాయన తెర తీసి అత్తయ్యకి దండం పెట్టాడు. అత్తయ్య తల ఎత్తలేదు. మేకు కొట్టుకుంటూనే ఉంది.

ఆరో తేదీ, బుధవారం

ఎనిమిది పటాలు విప్పాను. వెనక చిన్న మేకులు పీకి, అట్ట తీసి, గాజు తుడిచాను. రేపు అత్తయ్యని మా ఆయన కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. రేపు ఇంకా ఎక్కువ చేసి చూపించాలి.

ఏడో తేదీ, గురువారం

అత్తయ్య, మామయ్యల పెళ్లి ఫోటో గాజు నుంచి ఊడివచ్చింది. ఒక్క ముక్క కూడా చిరగలేదు.

ఎనిమిదో తేదీ, శుక్రవారం

ఫోటో నా గదిలో పెట్టె కింద ఆరుతోంది. రంగు కొంచెం తగ్గింది. పాత ఫోటోలకి రంగు తగ్గడం మామూలే.

మధ్యాహ్నం మొక్కలకి నీళ్లు పొయ్యలేకపోయాను. ఆయనే పోశారు. "ఏంటి పిల్లీ, ఈరోజు నీ అడుగుల చప్పుడు అసలే వినబడట్లేదు?" అన్నారు. నడిస్తే చప్పుడు కాదని నాకా పేరు పెట్టారు. నవ్వాను.

తొమ్మిదో తేదీ, శనివారం

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు.

గురువారం అందరూ వెళ్లాక పెళ్లి ఫోటో విప్పాను. ఒక మూల గాజుకి అంటుకుని ఉంది. అత్తయ్య చేసినట్టే చేద్దామనుకున్నాను. ఆవిడ వచ్చేసరికి ఊడదీసి, ఆరబెట్టి, తన చేతిలో పెడితే ఏమంటుందో అనుకున్నాను. పళ్లెంలో నీళ్లు పోసి బోర్లా పెట్టాను. దాని వంక చూడకుండా ఊరుకున్నాను, ఆవిడలాగే. అదే తప్పు. కాసేపటికి చూస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో ఒక పసుపు తీగ సాగుతోంది.

ఫోటోని నీళ్లలోంచి బయటికి తీశాను. నీళ్లు పెరట్లో మొక్కల మొదట్లో పోసేశాను, ఎవరూ చూడకుండా.

ఆయన్ని అడిగాను, ఊరికే అడుగుతున్నట్టు. "అప్పట్లో రంగు ఫోటోలెక్కడివి? నలుపు తెలుపులో తీస్తే మా నానమ్మ కుంచెతో రంగులద్దేది. దానికోసం పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. మా అమ్మకి ఈ పని నేర్పింది ఆవిడే," అన్నారు.

రెండేళ్లుగా అది రంగు ఫోటోయే అనుకున్నాను. రోజూ తుడుస్తూ కూడా.

ఇప్పుడు ఫోటోలో మామయ్య బూడిద రంగులో ఉన్నాడు, అత్తయ్య కూడా. ఆవిడ పచ్చ చీర లేదు, బుగ్గల మీది గులాబీ రంగు లేదు. గొలుసు లేదు.

పదో తేదీ, ఆదివారం

గొలుసు సంగతి నన్ను వదలడం లేదు.

రంగు పోతే రంగే పోవాలి. చీర పచ్చదనం పోయింది కానీ చీర ఉంది, అంచు కూడా కనబడుతోంది. చెవులకి కమ్మలున్నాయి. అసలు ఫోటోలో గొలుసంటూ ఉంటే నలుపులోనో తెలుపులోనో ఉండాలి కదా. ఉండాల్సిన చోట మెడ ఉంది. పసుపుతాడు తప్ప ఉత్త మెడ. ఎముక దగ్గర చిన్న నీడ, అంతే.

అంటే అత్తయ్య మెడలో గొలుసు ఎప్పుడూ లేదు. నానమ్మ గీసింది.

మామయ్యకి తెలుసా? పక్కనే నిలబడి ఉన్నాడు ఫోటోలో, తలెత్తి, పొగరుగా.

ఇది బయటపెడితే అత్తయ్య పరువు పోతుంది. చెప్పకపోవడమే ఆవిడకి మేలు. నా కోసం కాదు, ఆవిడ కోసమే.

పదకొండో తేదీ, సోమవారం

అత్తయ్య నన్ను బల్ల దగ్గరికి పిలిచింది.

గాజు కోసమేమోనని గుడ్డ పట్టుకుని వెళ్లాను. "గుడ్డ అవతల పెట్టు. కూర్చో," అంది. తన పీట నాకిచ్చి, తను పట్టీల కట్ట మీద కూర్చుంది. "పద్దెనిమిదిన ఆపరేషన్. ఆ తర్వాత వంగి పనిచెయ్యకూడదట కొన్నాళ్లు. ఈలోపు నీ చెయ్యి చూస్తాను. పనికొస్తే కూర్చుంటావు, లేకపోతే లేదు. మొహమాటం లేదు నా దగ్గర."

నా చేతి మీద చెయ్యేసింది. ఆవిడ అరచెయ్యి గరుకు కాగితంలా ఉంది. "రంపాన్ని తొయ్యకు. దాని బరువుకి అదే దిగుతుంది. ఊపిరి బిగబట్టకు, చెయ్యి బిగుసుకుంటుంది. ఆ, అంతే. ఎవరైనా తరుముతున్నారా నిన్ను?"

నాలుగు ముక్కలు కోశాను. మూడు మూలలు కలిశాయి. నాలుగోది నోరు తెరుచుకుని ఉంది. ఆవిడ దాన్ని వేలితో తడిమి పక్కన పడేసింది. "మూడు కలిశాయి. నాకు మొదటిరోజు ఒక్కటీ కలవలేదు. మా అత్తగారు ఆ ముక్కలన్నీ ఏరి, వాటితో ఎలుకలకి బోను చేయించింది. రోజూ నా కళ్లెదురుగా పెట్టేది."

నేను గట్టిగా నవ్వాను. తెర తీసి మామయ్య తొంగిచూశాడు. "ఇదెవరి గొంతు? మన ఇంట్లోదేనా?"

ఇంత బాగున్న రోజు నాకు ఇంతవరకు లేదు. దీన్ని ఇలా రాయడానికి సిగ్గుగా ఉంది. సిగ్గు ఎందుకో నాకు తెలుసు.

పన్నెండో తేదీ, మంగళవారం

నాలుగు మూలలూ కలిశాయి!

పదమూడో తేదీ, బుధవారం

"పెళ్లి ఫోటో ఏది?" అని అడిగింది అత్తయ్య.

"ఇంకా విప్పలేదు అత్తయ్యా."

"మంచి పని చేశావు. దాన్ని విప్పకు. మూలలో అంటుకుంది, దాన్ని గాజుతోనే కొత్త ఫ్రేములో దించేస్తాను. శనివారం చేస్తాను. గోడ మధ్యలో పెట్టాల్సింది అదే."

మంచి పని చేశానట.

పద్నాలుగో తేదీ, గురువారం

పదిహేడు పటాలు కొత్త ఫ్రేముల్లో సిద్ధమయ్యాయి. వాటిలో ఐదింటికి పట్టీలు కోసింది నేను. అత్తయ్య ప్రతి ఫోటోకి వేరే పట్టీ ఎంచింది. ఆయన చిన్నప్పటి ఫోటోకి సన్నటిది, "వాడసలే కుదురుగా ఉండడు, బరువు పెట్టకూడదు" అని. మామయ్య తమ్ముడి ఫోటోకి వెడల్పాటి నల్లది, "మనిషి ఎక్కడున్నా చోటు చాలదు అంటాడు, కాస్త హద్దులో ఉండనీ" అని. మనుషుల్ని ఇంతలా చూసినవాళ్లు ఇంకెవరైనా ఉంటారా? ఫోటోని కంటికి ఆనించి పట్టుకుంటే తప్ప కనబడదు ఆవిడకి. అయినా చూస్తుంది.

ఒక ఆలోచన వచ్చింది. అచ్చం అలాంటి పచ్చ రంగు కొని అద్దితే? ఆవిడ కళ్లు మసకే కదా.

ఇలాంటి ఆలోచన నాకే వచ్చిందా?

పదిహేనో తేదీ, శుక్రవారం

రేపు శనివారం.

పదహారో తేదీ, శనివారం

చెప్పేశాను.

పొద్దున అత్తయ్య బల్ల తుడుచుకుని, వెడల్పాటి పట్టీ ఒకటి ముందు పెట్టుకుని కూర్చుంది. ఏళ్లుగా దాచుకున్న పట్టీ అట. ముదురు చెక్క, మీద గీత కూడా లేదు. "తీసుకురా అమ్మాయ్," అంది. గదిలోకి వెళ్లి పెట్టె కింద నుంచి ఫోటో తీసుకొచ్చాను. గాజు లేకుండా, ఫ్రేము లేకుండా. ఆవిడ చేతిలో పెట్టాను. మనసులో ఎంత అనుకుని వచ్చాను, ఒక్క ముక్క గుర్తులేదు.

ఆవిడ వేళ్లతో అంచు తడిమింది. గాజు లేదని అప్పుడే తెలిసింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఫోటోని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది. చాలాసేపు.

"నీళ్లలో పెట్టావా?"

"అవునత్తయ్యా."

"ఎప్పుడు?"

"మీరు డాక్టర్ దగ్గరికి వెళ్లిన రోజు. విప్పలేదని అబద్ధం చెప్పాను. బల్ల దగ్గరికి రానివ్వరని చెప్పలేదు." అంతా వచ్చేసింది. ఈ ఇంట్లో ఒక్కసారిగా అంత మాట్లాడటం నాకదే మొదలు.

"ఆ నీళ్లేం చేశావు?"

నన్ను తిడుతుందనుకున్నాను. నీళ్ల గురించి అడుగుతుందనుకోలేదు.

"మొక్కలకి పోశాను."

అత్తయ్య కిటికీలోంచి పెరటి వైపు చూసింది. అక్కడ ఏం కనబడుతుంది ఆవిడకి? పచ్చటి మసక తప్ప ఏమీ కనబడదు. తల ఊపింది, ఎవరో ఏదో చెబితే విన్నట్టు. ఫోటో తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

బల్ల మీద ఆ పట్టీ అలాగే ఉంది. తుడుచుకునే గుడ్డ తీసుకుని గాజుల దగ్గరికి వచ్చేశాను. అన్నీ మళ్లీ తుడిచాను, తుడిచినవే.

పదిహేడో తేదీ, ఆదివారం

పొద్దుటి నుంచి అత్తయ్య నాతో మాట్లాడలేదు. కోపంగా కూడా చూడలేదు.

సాయంత్రం మామయ్యని, ఆయన్ని, నన్ను ముందు గదిలో కూర్చోబెట్టింది. గోడ తెల్లగా ఆరి ఉంది. ఫోటో మామయ్య చేతికిచ్చింది.

మామయ్య చూసి కళ్లు మూసుకున్నాడు. "గొలుసు పోయింది."

"ఉంటే కదా పోవడానికి," అంది అత్తయ్య. "మీరు పక్కనే నిలబడ్డారు. తెలీదా?"

"తెలుసులే. చెప్పగా చెప్పగా నిజంగానే ఉండేదేమో అనిపించేది."

ఆయన నోరెళ్లబెట్టారు. "మరి కొట్టు?"

అత్తయ్య చెప్పింది, అట్ట కొలత చెబుతున్నట్టు. వంటగది నేలమీద కూర్చుని తొమ్మిదేళ్లు అత్తాకోడళ్లు వేరే కొట్లవాళ్లకి పని చేసిపెట్టారట. ఆవిడ రంగులద్దేది, ఈవిడ ఫ్రేములు కట్టేది. అలా వచ్చింది కొట్టు. కోడలు కూలి పని చేసి కొట్టు పెట్టించిందంటే నలుగురిలో తలెత్తుకోలేనన్నాడట మామయ్య వాళ్ల నాన్న. గొలుసు అమ్మామని చెప్పండి, ఫోటోలో ఎలాగూ ఉంది కదా అన్నాడట.

"మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత పనిలో పడి ఊరుకున్నాను. కానీ ఆ గొలుసు మాత్రం..." ఆగింది. నా వైపు తిరిగింది. "నాకు పెట్టడానికి వాళ్లింట్లో ఏమీ లేదమ్మాయ్. మా అత్తగారికి అది బాధ. మూడు సాయంత్రాలు కూర్చుంది. ఒక్క వెంట్రుక ఉన్న కుంచెతో ఒక్కో పూస గీసింది. తర్వాత ఫోటో నా చేతికిచ్చి, 'ఇదే నేను నీకు పెట్టింది, ఎవరూ అడిగి తీసుకోలేరు' అంది."

నేను ఏడ్చాను. చప్పుడు లేకుండా ఏడవడం అలవాటే. ఈసారి అలా రాలేదు.

"ఏడవకు. నాకు బాధగానే ఉంది, లేదని చెప్పను. కానీ నీకు నీళ్లు చూపించాను, రంగు చూపించలేదు. మా అత్తగారైతే రెండూ చూపించేది. ముందు తడి దూదితో మూలలో అద్దాలి. దూదికి రంగు అంటితే అక్కడే ఆగిపోవాలి. అది చెప్పకుండా నిన్ను ఆ పటాల మధ్య వదిలి వెళ్లింది నేను."

ఇలాంటి మనిషిని నేనెక్కడా చూడలేదు. పోయింది ఆవిడది. పోగొట్టింది నేను. అయినా నేర్పినదాంట్లో తన లోటు వెతుక్కుంటోంది.

"ఇప్పుడు కంప్యూటర్లో రంగులు వేస్తారమ్మా, గొలుసు కూడా పెట్టేస్తారు," అన్నారు ఆయన.

"ఆవిడ గీయనిది నాకెందుకురా?"

పద్దెనిమిదో తేదీ, సోమవారం

ఆపరేషన్ బాగా జరిగింది. కంటికి కట్టు. ఇంటికొచ్చి పడుకోగానే నన్ను పిలిచింది. "బల్ల మీద ముదురు పట్టీ ఉంది. దాన్ని నువ్వే కొయ్యి. గోడ మధ్య ఖాళీగా ఉంచకు."

"పాడు చేస్తానేమో అత్తయ్యా. అలాంటి పట్టీ ఇంకొకటి లేదు కదా."

"కొంచెం పొడవుగా కొయ్యి. తప్పితే సరిచేసుకోవడానికి ఉంటుంది. ఇంతకన్నా నేనేం చెప్పను? పో, నన్ను పడుకోనీ."

పందొమ్మిదో తేదీ, మంగళవారం

కోశాను. ఊపిరి బిగబట్టలేదు. కొంచెం బిగబట్టాను.

తెర బయట మామయ్య ఎవరికో చెబుతున్నాడు. "ఈ కొట్టు ఎలా వచ్చిందనుకున్నారు? మా ఆవిడ మెడలో..." అని ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మా, మా ఆవిడా వంటగదిలో నేలమీద కూర్చుని తొమ్మిదేళ్లు పటాలు కట్టారు. అలా వచ్చింది." కథ చిన్నదైపోయింది. అవతలి మనిషి, "అబ్బో, ఇద్దరూనా!" అన్నాడు. మామయ్యకి హుషారొచ్చింది. ఎలుకల బోను దాకా చెప్పాడు.

ఇరవయ్యో తేదీ, బుధవారం

ఇరవై మూడు పటాలూ గోడ ఎక్కాయి. మధ్యలో ఆ ఇద్దరు, ముదురు చెక్క ఫ్రేములో, నలుపు తెలుపులో. చుట్టూ రంగు ఫోటోలుండటం వల్లేమో, ముందుగా చూపు అటే వెళ్తోంది. రంగు ఉన్నప్పుడు నేను అత్తయ్య చీర చూసేదాన్ని, గొలుసు చూసేదాన్ని. ఆవిడ ముఖం ఇప్పుడే చూశాను. పంతొమ్మిదేళ్లుంటాయి. భయపడుతోంది. భయపడుతూనే కెమెరా వైపు నేరుగా చూస్తోంది.

ఇరవై రెండో తేదీ, శుక్రవారం

డాక్టర్ కట్టు పూర్తిగా తీసేశాడు. ఇంటికి రాగానే అత్తయ్య చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా గోడ ముందుకొచ్చింది. ఆపరేషన్ కాని కన్ను చేత్తో మూసుకుంది. ఆ చివర నుంచి మొదలుపెట్టింది. ఆయన చిన్నప్పటి ఫోటో దగ్గర నవ్వింది. మరిది ఫోటో దగ్గర, "సరిపోయింది" అంది. మధ్యలోకి వచ్చి ఆగింది.

మేమందరం ఆవిడ వెనకే నిలబడ్డాం. మామయ్య ఏదో జోక్ వెయ్యబోయి మానుకున్నాడు.

"ఇంత సన్నగా ఉండేదాన్నా?" అంది చివరికి. వేలితో గాజు మీద మెడ ఉన్న చోట రాసింది, ఒకసారి. ఆ వేలు గాజు దాటి ఫ్రేము అంచు పట్టుకుని నాలుగు మూలలూ చుట్టింది. కింద ఎడమ మూల దగ్గర ఆగింది. మళ్లీ తడిమింది. ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"ఈ మూల ఎవరు కోశారు?"

"నేనే అత్తయ్యా."

"వెంట్రుక వాసి ఎడం ఉంది."

"పొడవుగానే కోశాను. ఇంకోసారి కొయ్యడానికి సరిపోతుంది."

ఆవిడ నా వైపు తిరిగింది. కొత్త కంటితో నన్ను చూడటం అదే మొదటిసారి. ఎగాదిగా చూసింది, ఏ పట్టీ పెట్టాలా అని ఫోటోని చూసినట్టు.

"అయితే దించు. బల్ల దగ్గరికి పద, నా పీట కూడా వెయ్యి, పక్కన కూర్చుని చూస్తాను. రేపటికల్లా ఇది గోడ మీదుండాలి."

ఆయన దించబోయారు. నేను అడ్డొచ్చాను. స్టూలెక్కి నేనే దించుకున్నాను.